ఎనిమిది థ్రెడ్లు, ఒక్క లెక్కల పుస్తకం – ప్రాజెక్టు డైరీ

శనివారం రాత్రి, మధురవాడ, విశాఖపట్నం

ముందు అసలు ఏం చేస్తున్నానో రాసి పెట్టుకుంటా, లేకపోతే నెల తర్వాత నాకే అర్థం కాదు. తెలుగు వికీపీడియా డంప్ దింపి, ట్యాగులన్నీ పీకేసి, 256 ఎంబీ ఒట్టి టెక్స్ట్ ఫైల్ ఒకటి తయారుచేశా. అందులో ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామ్ ఇది. మా ఫ్రెండ్ ఒకడు తెలుగు కీబోర్డ్ లేఅవుట్ చేస్తున్నాడు, ఏ కీ వేలికి దగ్గరగా పెట్టాలో తేల్చుకోడానికి వాడికి ఈ లెక్క కావాలి. నిజానికి అర సెకనులో వచ్చినా అర నిమిషంలో వచ్చినా వాడికొకటే, స్పీడు పిచ్చి నాది.

మెషీన్ ద్వారకానగర్‌లో కొన్న సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్. ఐ7-6700, 4 కోర్లు, హైపర్‌థ్రెడింగ్‌తో లైనక్స్‌కి 8 కనిపిస్తాయి (ఒక్కో కోర్ రెండుగా కనపడటం), 8 జీబీ ర్యామ్. కొలవడానికి గూగుల్ బెంచ్‌మార్క్ లైబ్రరీ పెట్టుకున్నా. స్టాప్‌వాచ్ లాగ మనమే టైమ్ ముందోసారి వెనకోసారి తీసుకుని తీసేసుకోవచ్చు గానీ, ఒకే పనిని ఎన్నిసార్లు తిప్పితే నమ్మదగ్గ అంకె వస్తుందో అది చూసుకుంటుంది, ఆ తలనొప్పి మనకుండదు.

మొదటి రన్‌కే లైబ్రరీ రెండు హెచ్చరికలు మొహాన కొట్టింది. ఒకటి, లైబ్రరీని డీబగ్‌లో కట్టావు (తప్పులు వెతుక్కోడానికి చేసే నెమ్మది బిల్డ్), టైమింగులు నమ్మొద్దు అని. రెండోది, సీపీయూ స్కేలింగ్ ఆన్‌లో ఉంది, అంకెలు అటూ ఇటూ ఊగుతాయి అని. మొదటిది రిలీజ్‌లో మళ్ళీ బిల్డ్ చేసి వదిలించుకున్నా. రెండోదాన్ని చూసీ చూడనట్టు వదిలేశా, దానికి తర్వాత అనుభవించా.

థ్రెడ్లు (ఒకే ప్రోగ్రామ్ లోపల ఒకేసారి పనిచేసే పనివాళ్ళు) ఎలా పెట్టానంటే, బెంచ్‌మార్క్ లూప్ లోపలే నేనే 8 థ్రెడ్లు పుట్టించి, ఫైల్‌ని 8 ముక్కలు చేసి ఒక్కొక్కడికీ ఒక్కోటి ఇచ్చి, అందరూ అయ్యేదాకా మెయిన్ థ్రెడ్ జాయిన్ దగ్గర కూర్చునేలా రాశా. రన్ కొట్టా. సెకనుకి 1.2 టెరాబైట్లు చదివిందట నా ప్రోగ్రామ్. ఒక్క నిమిషం నిజంగానే పొంగిపోయా, కాసేపాగి నవ్వొచ్చింది. ఈ మెషీన్‌లో ఉన్నది డీడీఆర్4-2133 స్టిక్కులు రెండు, అవి రెండూ కలిసి కాగితం మీద ఇచ్చేదే సెకనుకి 34 జీబీ, మరి నాది టెరాబైట్ ఎక్కడ్నించి తెచ్చింది.

అర్ధరాత్రి దాటాక వెలిగింది. ఏమీ చెప్పకపోతే ఈ బెంచ్‌మార్క్ టూల్ లెక్కేసేది మెయిన్ థ్రెడ్ సీపీయూ మీద గడిపిన టైమ్‌ని. నా మెయిన్ థ్రెడ్ ఎనిమిది మందిని పనికి పెట్టి తను జాయిన్ దగ్గర నిద్రపోయింది, నిద్రకి సీపీయూ టైమ్ పడదు కదా, అంటే మేస్త్రీ చెమట చూసి ఇల్లెంత తొందరగా కట్టారో చెప్పినట్టు. పక్కన టైమ్ కాలమ్‌లో అసలు గడిచిన టైమ్ వందల మిల్లీసెకన్లు కనపడుతూనే ఉంది, సీపీయూ కాలమ్‌లో దాంట్లో వెయ్యో వంతు కూడా లేదు, నేనే చూడలేదు.

ఆదివారం

యూజ్ రియల్ టైమ్ అని ఒక్క ముక్క తగిలించగానే టెరాబైట్ ఎగిరిపోయి మామూలు అంకె వచ్చింది. మొత్తం ప్రాసెస్ సీపీయూ టైమ్ కొలిచే ఆప్షన్ ఇంకోటి ఉంది, అది అన్ని థ్రెడ్ల చెమటా కలిపి చెప్తుంది, కరెంటు ఎంత తగలబెట్టామో చూడ్డానికి పనికొస్తుంది గానీ నాకు కావాల్సింది గోడ గడియారం.

అప్పుడు అనిపించింది, థ్రెడ్లు నేనెందుకు పుట్టించాలి, టూల్‌కే థ్రెడ్స్ అనే సెట్టింగ్ ఉంది కదా అని. బెంచ్‌మార్క్ రిజిస్టర్ చేసే లైన్ చివర థ్రెడ్స్ 8 అని రాస్తే చాలు. పైగా ఇందులో ఒక సుఖం ఉంది: అందరూ లూప్ గుమ్మం దగ్గరికి వచ్చేదాకా ఒక్కడు కూడా లోపలికి వెళ్ళడు, అందరి పనీ అయ్యేదాకా ఒక్కడూ బయటికి రాడు, ఆ గ్యారంటీ టూలే ఇస్తుంది. నేను రాసినదాంట్లో మొదటి థ్రెడ్ సగం పని చేసేసరికి ఎనిమిదోది ఇంకా పుడుతూ ఉండేదేమో ఎవడికి తెలుసు.

సరే మార్చి రన్ కొట్టా. మౌస్ కదల్లేదు. ఫ్యాన్ అయితే విమానం లేచినట్టు. రెండు నిమిషాలకి టెర్మినల్ బతికింది, చూస్తే స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్క్ మీద వాడుకునే జాగా) నిండిపోయి ఉంది.

ఇక్కడ నేను అర్థం చేసుకున్నదే తప్పు. థ్రెడ్స్ 8 అంటే పనిని ఎనిమిదిగా పంచుతుందని అనుకున్నా. అది పంచదు, ఆ ఫంక్షన్ మొత్తాన్ని ఎనిమిది మంది చేత చేయిస్తుంది. ఫైల్ చదివే లైన్ కూడా ఫంక్షన్ లోపలే ఉంది కాబట్టి ఎనిమిది మందీ తలో 256 ఎంబీ కాపీ తెచ్చుకున్నారు, అక్కడికే 2 జీబీ, అవతల బ్రౌజర్‌లో నలభై ట్యాబులు, 8 జీబీ మెషీన్ పాపం ఏం చేస్తుంది. సరే స్వాప్ సంగతి పక్కన పెడితే, ఎనిమిది మందీ ఫైల్ మొత్తం లెక్కపెట్టారు, అంటే ఒకే లెక్క ఎనిమిది సార్లు. ఇది తప్పు సెట్టింగ్ కాదు, ఒకేసారి ఎనిమిది మంది వచ్చి ఒకే సర్వీసు అడిగితే ఎలా తట్టుకుంటుంది అన్న ప్రశ్నకి ఇదే కరెక్టు. నా ప్రశ్న అది కాదు, ఒక్క పనిని ఎనిమిది మంది కలిసి చేస్తే ఎంత తొందరగా అవుతుంది అని. ఈ రెండు ప్రశ్నలూ ఒకటే అనుకోబట్టే ఇంత గోల.

ఫైల్‌ని బయట గ్లోబల్‌గా ఒక్కసారే లోడ్ చేసి, లోపల ప్రతి థ్రెడ్ తన నంబరు ఎంత, మొత్తం ఎంతమంది అని టూల్‌నే అడిగి, దాన్ని బట్టి తన ముక్క తను చూసుకునేలా మార్చా. కౌంటర్లు సున్నా చేసే పని జీరో నంబర్ థ్రెడ్‌కి మాత్రమే ఇచ్చా, గుమ్మం గ్యారంటీ ఉంది కాబట్టి అది సున్నా చేసేలోపు ఇంకొకడు లెక్క మొదలెట్టడు.

సోమవారం

ఆఫీసు, ఆపైన సాయంత్రం కరెంటు పోయింది. ఏం చెయ్యలేదు. ఋషికొండ దాకా నడిచి మురీ మిక్చర్ తిని వచ్చా.

మంగళవారం

ఈరోజు స్పీడు చూడలేదు, ముందు లెక్క కరెక్టా కాదా చూద్దామని ఒక థ్రెడ్‌తో వచ్చిన మొత్తం అక్షరాలూ 8 థ్రెడ్లతో వచ్చిన మొత్తమూ పక్కపక్కన పెట్టా. 8 థ్రెడ్ల లెక్కలో 5 తక్కువ. కోట్లలో 5, ఎవడు పట్టించుకుంటాడు అనుకోవచ్చు గానీ ప్రతి రన్‌కీ కచ్చితంగా 5 తగ్గుతోంది, ఒకసారి 4 ఒకసారి 9 అయితే థ్రెడ్లు ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి అనుకోవాలి, ఎప్పుడూ 5 అంటే దొంగ ఒకే చోట కూర్చున్నాడన్నమాట.

తెలుగు అక్షరం యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) 3 బైట్లు. మొదటి బైట్ అన్ని తెలుగు అక్షరాలకీ ఒకటే, రెండోది రెండు రకాలే, మూడోదాంట్లోనే అసలు తేడా. నేను ఫైల్ సైజుని 8తో భాగించి గుడ్డిగా కోసేశా. 8 ముక్కలకి మధ్యలో 7 కోతలు, అందులో 5 కోతలు సరిగ్గా అక్షరం నడుం మీద పడ్డాయి, మిగతా 2 అదృష్టం కొద్దీ అక్షరాల మధ్య సందులో పడ్డాయి. నడుం తెగిన అక్షరం మొదటి సగం ఎడమ వాడికి, రెండో సగం కుడి వాడికి, ఇద్దరికీ అది అక్షరంలా కనపడదు. ఇంగ్లీషు ఫైల్ మీద టెస్ట్ చేసుంటే జన్మలో దొరికేది కాదు, అక్కడ అక్షరానికి ఒక్క బైటే కదా.

మందు తేలికే. యూటీఎఫ్-8లో అక్షరం మధ్యలో ఉన్న బైట్లకి పై రెండు బిట్లు 1, 0 అని గుర్తు ఉంటుంది. ప్రతి థ్రెడ్ తన ముక్క మొదట్లో అలాంటి బైట్లు కనిపిస్తే దాటేస్తుంది, చివర్లో అక్షరం సగంలో ఉంటే పక్కవాడి హద్దులోకి అడుగు పెట్టైనా పూర్తి చేస్తుంది. 5 తిరిగొచ్చాయి.

బుధవారం

లెక్క సరే, స్పీడు చూద్దాం. ఒక మాట ముందే రాసుకోవాలి: టైమ్ కాలమ్ చూడ్డం మానేశా, సెకనుకి ఎన్ని బైట్లు అన్న కాలమ్ ఒక్కటే చూస్తున్నా. ప్రతి థ్రెడ్ నేనింత చదివా అని చెప్తుంది, టూల్ అవన్నీ కూడి గోడ గడియారంతో భాగిస్తుంది, పని పంచుకున్నప్పుడు అర్థమయ్యే అంకె అదొక్కటే.

ఒక థ్రెడ్: 700 ఎంబీ దగ్గర. 8 థ్రెడ్లు: 500.

తగ్గింది. ఎనిమిది మందిని పెడితే ఒక్కడికంటే నెమ్మది. నాలుగుసార్లు తిప్పా, అదే.

మొదట ఎండ మీదకి తోసేశా. మధ్యాహ్నం గది పెనంలా ఉంది, ఏసీ లేదు, సముద్రపు గాలి అంటారు గానీ మా బిల్డింగ్ మూడో అంతస్తుకి ఎదురింటి వంట వాసన తప్ప ఏ గాలీ రాదు. మెషీన్ వేడెక్కి స్పీడు తగ్గించుకుంటోందేమో అనుకున్నా. అప్పుడు శనివారం వదిలేసిన హెచ్చరిక గుర్తొచ్చింది. గవర్నర్ (సీపీయూ స్పీడు ఎంత ఉండాలో చూసే లైనక్స్ సెట్టింగ్) పవర్‌సేవ్‌లో ఉంది, పెర్ఫార్మెన్స్‌కి మార్చా. టర్బో కూడా ఆపేశా, ఎందుకంటే ఈ ప్రాసెసర్ ఒక్క కోర్ పనిచేస్తుంటే 4 గిగాహెర్ట్జ్ దాకా ఎగురుతుంది, అన్ని కోర్లూ పనిచేస్తే అంత ఎగరలేదు, అంటే ఒక థ్రెడ్ పరుగుకి షూ వేసి ఎనిమిది థ్రెడ్ల పరుగుకి చెప్పులు వేసి పోల్చినట్టు. టర్బో తీసేస్తే అందరూ 3.4 దగ్గరే. ఒక థ్రెడ్ 700 నుంచి 600కి దిగింది, న్యాయమే. 8 థ్రెడ్లు 500 దగ్గరే ఉంది. టర్బో తీసినా కదల్లేదంటే అది సీపీయూ స్పీడు కోసం ఆగట్లేదు, ఇంకేదో దాని కోసం ఆగుతోంది. ఎండకి సారీ చెప్పా.

తర్వాత 8 కోర్లు కావు కదా 4 కదా అని అటు తిరిగా. ఏది ఏ కోర్ మీద ఉందో లైనక్స్ సిస్ ఫోల్డర్‌లో థ్రెడ్ సిబ్లింగ్స్ ఫైల్‌లో ఉంటుంది. నా దాంట్లో 0, 4 ఒకే కోర్ లోని కవలలు, 1, 5 కవలలు, అలా. అంటే టాస్క్‌సెట్‌తో 0, 1 మీద కట్టేస్తే రెండు నిజమైన కోర్లు, 0, 4 మీద కట్టేస్తే ఒకే కోర్‌ని ఇద్దరు పంచుకోవడం.

రెండు థ్రెడ్లతో రెండు రకాలుగా తిప్పా. 0, 1 మీద 550. 0, 4 మీద 720.

ఇది చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డా. రెండు ఇళ్ళలో విడివిడిగా కూర్చుని పనిచేసేవాళ్ళకంటే ఒకే ఇరుకు గదిలో ఒకే బల్ల మీద పనిచేసేవాళ్ళు ఎక్కువ పని చేశారు. మామూలుగా రివర్స్ కదా జరగాల్సింది.

గురువారం రాత్రి

నిద్ర పట్టలేదు, పొద్దున్న ఆఫీసులో కూడా అదే ఆలోచన. ఒకే కోర్ కవలలకి లాభం ఏంటి అంటే ఇద్దరికీ ఎల్1 క్యాష్ (కోర్ పక్కనే ఉండే చిన్న, వేగమైన మెమరీ) ఒక్కటే. రెండు వేరే కోర్లకైతే ఎవరి ఎల్1 వాళ్ళది. అంటే రెండు కోర్లూ ఏదో ఒక దాన్ని అటూ ఇటూ లాక్కుంటున్నాయి, కవలలకి ఆ లాక్కునే పని లేదు. కానీ నా కోడ్‌లో ఎవడి ముక్క వాడిది, ఎవడి కౌంటర్ వాడిది, లాక్ అనేదే లేదు, లాక్కోడానికి ఏముంది?

పెర్ఫ్ అనే లైనక్స్ కొలత ప్రోగ్రామ్‌లో సీటూసీ అని ఒక సబ్‌కమాండ్ ఉంది, సరిగ్గా ఈ రకం కేసుల కోసమే. రికార్డ్ చేసి రిపోర్ట్ తీస్తే, ఏ క్యాష్ లైన్ని (క్యాష్ ఒక్కసారికి కదిపే మెమరీ ముక్క) ఒక కోర్ అడిగినప్పుడు అది ఇంకో కోర్ దగ్గర మార్పులతో ఉండగా దొరికిందో, అలాంటివి ఎక్కువ ఉన్న లైన్ల వారీగా చూపిస్తుంది. రిపోర్ట్ పైన అన్నీ ఒకే ఎర్రే (గళ్ళ పట్టిక), నా కౌంటర్ల ఎర్రే.

ఆ ఎర్రే ఎలా రాశానో ఇక్కడ పెడతా, సిగ్గుగా ఉన్నా సరే. యూనికోడ్‌లో తెలుగుకి ఇచ్చిన జాగా 128 గళ్ళు. నేను వరసకి ఒక అక్షరం, ఆ వరసలో నిలువుగా థ్రెడ్ నంబర్లు, అలా పెట్టా: ‘అ’ వరసలో 8 కౌంటర్లు, ‘ఆ’ వరసలో 8 కౌంటర్లు. చివర్లో వరస కూడితే ఆ అక్షరం మొత్తం వస్తుంది, చూడ్డానికి రిజిస్టర్‌లా అందంగా ఉంటుందని. కౌంటర్ ఒక్కోటి 8 బైట్లు, 8 థ్రెడ్లు, ఎనిమిదెనిమిదులు 64. ఈ ప్రాసెసర్లో క్యాష్ లైన్ ఎంతా అంటే 64 బైట్లు.

అంటే ఒక్కో అక్షరం వరస అచ్చం ఒక్కో క్యాష్ లైన్ సైజు. కావాలని చేసినా ఇంత కరెక్టుగా కుదరదు. ఒక థ్రెడ్ తన గడిలో ఒక్క అంకె మార్చాలంటే ఆ లైన్ మొత్తం తన కోర్‌కి తెచ్చుకోవాలి, మిగతా కోర్ల దగ్గరున్న కాపీలు చెల్లవు, వాళ్ళకి మళ్ళీ కావాలంటే వాళ్ళు లాక్కోవాలి. ఎవడి గడి వాడిదే, ఒకడి అంకె ఇంకొకడు ముట్టుకోడు, అందుకే దీనివల్ల లెక్క ఎప్పుడూ తప్పలేదు, అందుకే నాకు అనుమానమూ రాలేదు. ఫాల్స్ షేరింగ్ అనేది దీన్నే. పేరు ఎన్నోసార్లు చదివా, ఇంటర్వ్యూలో చెప్పా కూడా, నా కోడ్‌లో కూర్చుంటే గుర్తుపట్టలేదు.

పైగా తెలుగు కాబట్టి ఇంకా గట్టిగా తగిలింది అనుకుంటున్నా. యూనికోడ్‌లో గుడి, కొమ్ము, పొల్లు విడివిడి గళ్ళు. అవి లేని వాక్యం ఉండదు. ఌ లాంటిదైతే ఎప్పుడో గానీ రాదు, ఆ లైన్ కోసం ఎవడూ కొట్టుకోడు. గుడి లైన్ కోసం మాత్రం ఎనిమిది మందీ ప్రతి క్షణం కొట్టుకుంటున్నారు.

ఆదివారం, మల్కాపురం

మావయ్య వాళ్ళింటికి భోజనానికి వెళ్ళా. మావయ్య పోర్టులో టాలీ క్లర్క్‌గా చేసి రిటైర్ అయ్యాడు, ఓడలోంచి దిగే బస్తాలు లెక్కపెట్టి రాయడం ఆయన పని. లాప్‌టాప్ తెరిచి ఉంటే "ఏట్రా ఇది, ఆదివారం కూడానా" అన్నాడు. చేపల పులుసు అరిగేదాకా ఖాళీయే కదా అని మొత్తం చెప్పా. థ్రెడ్, క్యాష్ అంటే ఆయనకి పట్టదు, అందుకని ఎనిమిది మంది టాలీ క్లర్కులు, ఒకే రిజిస్టర్, ఒక్కో పేజీ ఒక్కో రకం సరుకుకి, పేజీలో ఎవడి కాలమ్ వాడికి ఉంది అని చెప్పా.

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంటూ "కాలమ్ ఎవడిదైతే ఏటి, పుస్తకం ఒకడి చేతిలోనే కదరా ఉంటాది" అన్నాడు. అంతే, నేను పెర్ఫ్ రిపోర్ట్ చూసి రెండు పేజీలు రాసుకున్నది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. వాళ్ళ రోజుల్లో ఒక్కో హ్యాచ్ (ఓడలోంచి సరుకు దించే ద్వారం) దగ్గర ఒక్కో క్లర్క్‌కి సొంత టాలీ షీటు ఉండేదట, షిఫ్టు దిగేటప్పుడు అన్నీ తెచ్చి ఒక చోట కూడేవారట. నేనూ అదే చేద్దామనుకుంటున్నా, ఒక్కొక్కడికీ ఒక పుస్తకం అన్నా.

"మరి కూడేవోడు తప్పు కూడితే?"

దానికి నా దగ్గర జవాబు లేదు. మంగళవారం 5 తేడా వచ్చినప్పుడు చేత్తో పోల్చి చూశా, తర్వాత మళ్ళీ ఎప్పుడూ చూడలేదు, స్పీడు పడిపోతే కనిపెట్టా గానీ లెక్క పడిపోతే కనిపెట్టే ఏర్పాటే లేదు. ఓడ దిగిన సరుకు, షీట్ల మొత్తం, గోడౌన్‌లోకి చేరిన సరుకు మూడూ కలవకపోతే రాత్రి ఇంటికి పంపేవారు కాదని చెప్పి, ఒకసారి 11 బస్తాల కోసం తెల్లారిందాకా కూర్చోబెట్టారని ఇప్పటికీ తిట్టుకుంటూ పడుకున్నాడు.

ఆదివారం రాత్రి

ఎర్రే తిప్పేశా. ఇప్పుడు వరసకి ఒక థ్రెడ్, ఆ వరసలో 128 అక్షరాలు. ఒక్కో థ్రెడ్ పుస్తకం 128 ఎనిమిదులు 1024 బైట్లు, అంటే సొంతంగా 16 క్యాష్ లైన్లు. మొదలు సరిగ్గా 64 గుణకం మీద పడేలా అలైన్ చేశా, లేకపోతే ఒకడి పుస్తకం చివరి పేజీ పక్కవాడి మొదటి పేజీ ఒకే లైన్‌లో పడి హద్దు దగ్గర మళ్ళీ పాత కథే. ఒక్కో కోర్ ఎల్1 డేటా క్యాష్ 32 కేబీ, 1 కేబీ పుస్తకం అందులో హాయిగా పడుకుంటుంది.

మార్చింది నాలుగు లైన్లు.

టర్బో లేకుండా, సెకనుకి: 1 థ్రెడ్ 600 ఎంబీ, 2 థ్రెడ్లు 1.17 జీబీ, 4 థ్రెడ్లు 2.3 జీబీ, 8 థ్రెడ్లు 2.9 జీబీ. నాలుగు దాకా దాదాపు లెక్క ప్రకారమే పెరిగింది, నాలుగు నుంచి ఎనిమిదికి పెరిగింది పావు వంతు పైన కొంచెం. అది కవలల వాటా, కొత్త కోర్లు కావు కదా, ఒకడు ఆగిన సందులో రెండోవాడు దూరడం, అంతకంటే ఆశించకూడదు. అసలు ఆ ఎనిమిదిని చూసి 8 రెట్లు రావాలి అనుకోవడమే నేను చేసిన మొదటి తప్పు. 0, 1 మీద రెండు థ్రెడ్లు కట్టేసి చూస్తే ఇప్పుడు 0, 4 కంటే చాలా ఎక్కువ, ప్రపంచం మళ్ళీ తిన్నగా నిలబడింది.

కొందరు ఇలాంటి చోట వెంటనే ఆమ్డాల్ లా (సూత్రం) తీస్తారు, 1967 నాటిది, పంచలేని పని కొంచెం ఉన్నా మొత్తం స్పీడు దాని దగ్గర ఆగిపోతుంది అని. నా కేసులో పంచలేని పని అంటే చివర్లో 8 పుస్తకాలు కూడటం, 1024 కూడికలు, 256 ఎంబీ ముందు అది ఆవగింజ. నన్ను ఆపింది లా కాదు, నేను గీసిన రిజిస్టర్.

మావయ్య ప్రశ్నకి కూడా ఏర్పాటు చేశా. లూప్ అయ్యాక జీరో నంబర్ థ్రెడ్ 8 పుస్తకాలూ కూడుతుంది, అందరి పనీ అయితే తప్ప ఎవడూ లూప్ దాటి బయటికి రాడు కాబట్టి అక్కడ కూడటం సేఫ్. టూల్ లూప్‌ని ఎన్నిసార్లు తిప్పిందో ఆ సంఖ్యతో మొత్తాన్ని భాగిస్తే శేషం సున్నా రావాలి, భాగఫలం ఒక థ్రెడ్ లెక్కకి సమానం కావాలి. రాకపోతే బెంచ్‌మార్క్‌ని ఎర్రర్ అని ఆపేస్తుంది, స్పీడు అంకె అసలు ప్రింటే అవ్వదు. కావాలని అక్షరం హద్దు కోడ్ తీసేసి చూశా, వెంటనే ఆగింది.

బుధవారం

చిన్న చిన్నవి. థ్రెడ్ రేంజ్ అని 1 నుంచి 8 ఇస్తే టూల్ 1, 2, 4, 8 మాత్రమే తిప్పుతుంది, నాకు 5, 6, 7 దగ్గర ఏమవుతుందో కావాలి, అందుకని డెన్స్ థ్రెడ్ రేంజ్ పెట్టా. 5 దగ్గర రేటు 4 కంటే కాస్త తగ్గింది కూడా. ఫైల్‌ని సమానంగా కోస్తున్నా, 5 థ్రెడ్లంటే ఇద్దరు ఒకే కోర్ మీద ఇరుక్కుంటారు, మిగతా ముగ్గురూ పని ముగించుకుని వాళ్ళ కోసం గుమ్మం దగ్గర నిలబడాలి. పని చిన్న చిన్న ముక్కలు చేసి ఖాళీ అయినవాడు తీసుకెళ్ళేలా చేస్తే బాగుపడుతుందనుకుంటా, అది వేరే వారం.

రిపిటేషన్స్ 10 పెట్టి సగటు కాకుండా మీడియన్ (వరసగా పేరిస్తే మధ్యలో వచ్చే అంకె) రాసుకుంటున్నా, మధ్యలో ఒక్కసారి బ్యాకప్ లేచినా సగటు పాడైపోతుంది. రాండమ్ ఇంటర్‌లీవింగ్ (రన్‌లని కలగలిపి తిప్పడం) కూడా ఆన్ చేశా, లేకపోతే 1 థ్రెడ్ రన్‌లన్నీ మెషీన్ చల్లగా ఉన్నప్పుడు, 8 థ్రెడ్ రన్‌లన్నీ వేడెక్కాక జరుగుతాయి, ఈ ఊరి మే నెలలో అది చిన్న విషయం కాదు. బ్రౌజర్ మూసేసి రన్ చెయ్యడం మాత్రం ఇంకా అలవాటు కాలేదు.

కీబోర్డ్ ఫ్రెండ్‌కి అక్షరాల లెక్క పంపించా. వాడు లెక్క చూడలేదు, కోడ్ తీసుకుని వాళ్ళ ఆఫీసు మెషీన్ మీద 16 థ్రెడ్లతో తిప్పుతా అన్నాడు. ముందు సిబ్లింగ్స్ ఫైల్ పంపరా, ఆ తర్వాతే అంకెలు చెప్పు అన్నా. ఇంకా పంపలేదు.